వైద్య గంజాయి చట్టం వాడకాన్ని పెంచిందా? ఆ లెక్కను చదివే పద్ధతి

అమెరికాలో ఏదైనా రాష్ట్రం గంజాయిని మందుగా అనుమతించిందంటే చాలు, రెండు రకాల వార్తలు మన ఫోన్లలోకి వచ్చి పడతాయి. చట్టం వచ్చాక పిల్లలు పాడైపోతున్నారని ఒకటి చెబుతుంది, ఏమీ కాలేదు పొమ్మని మరొకటి చెబుతుంది. రెండింటి అడుగునా ఏదో ఒక అధ్యయనం పేరు ఉంటుంది, రెండింటిలోనూ అంకెలుంటాయి, చాలాసార్లు ఆ రెండు అంకెలూ నిజమైనవే. తప్పు సాధారణంగా అంకెలో కాక దాని పక్కన పెట్టిన వాక్యంలో ఉంటుంది. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకూ, వార్తల డెస్కులో పనిచేసేవారికీ, ఈ విషయంపై సెమినారు పేపరు రాయాల్సిన విద్యార్థులకూ ఉపయోగపడేలా, అలాంటి వార్తను ఏ వరసలో ప్రశ్నించాలో ఇక్కడ చెబుతున్నాను.

మొదట అడగాల్సింది: ఏ చట్టం?

వైద్య గంజాయి చట్టం అనగానే ఒకే రకమైన చట్టం నలభై చోట్ల అమల్లో ఉన్నట్లు అనుకుంటాం. నిజానికి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. దీనికి తొలి అడుగు వేసిన కాలిఫోర్నియాలో 1996 నవంబరులో 215వ ప్రతిపాదనను దాదాపు 56 శాతం ఓటర్లు ఆమోదించారు. ఆ చట్టం కొన్ని జబ్బుల పేర్లు చెప్పి, చివర గంజాయితో ఉపశమనం కలిగే మరే జబ్బుకైనా వర్తిస్తుందన్న మాట కూడా చేర్చింది కాబట్టి డాక్టరు సిఫారసు ఉంటే దాదాపు ఎవరికైనా దారి దొరికింది. న్యూయార్క్ 2014లో చేసిన చట్టం దీనికి పూర్తిగా భిన్నమైనది. అందులో అనుమతించిన జబ్బుల జాబితా చిన్నది, మొదట్లో పొగ తాగడానికి అనుమతే లేదు. మిన్నెసోటా కూడా అదే సంవత్సరం అదే దారి పట్టింది. టెక్సాస్ 2015లో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే రసాయనం అతి తక్కువగా ఉండే మందును, అదీ మొదట మూర్ఛ రోగులకు మాత్రమే, అనుమతించింది.

మరో కొసన ఓక్లహోమా ఉంది. 2018 జూన్‌లో అక్కడి ఓటర్లు 57 శాతంతో ఆమోదించిన 788వ ప్రశ్న అనే ప్రతిపాదనలో జబ్బుల జాబితాయే లేదు. డాక్టరు సంతకం ఒకటి ఉంటే కార్డు వచ్చేది, దుకాణం పెట్టదలచినవారికి లైసెన్సు రుసుము 2,500 డాలర్లు మాత్రమే. కొన్నేళ్లలోనే రాష్ట్ర జనాభాలో దాదాపు పదో వంతు మంది చేతుల్లో రోగి కార్డులున్నాయి, దుకాణాలు రెండు వేలు దాటాయి. టెక్సాస్‌నూ ఓక్లహోమానూ ఒకే గాటన కట్టి, చట్టం ఉన్న రాష్ట్రాల సగటు ఇంత అని ఎవరైనా రాస్తే ఆ సగటు ఏ రాష్ట్రం గురించీ ఏమీ చెప్పదు. ఈ విషయాన్ని రోసలీ పకులా బృందం 2015లో వివరంగా చూపించింది. చట్టం ఉందా లేదా అని మాత్రమే చూడకుండా, ఇంట్లో మొక్కలు పెంచుకోనిస్తుందా, దుకాణాలకు అనుమతి ఇస్తుందా, రోగుల పేర్లు నమోదు చేస్తుందా అని విడదీసి చూస్తే ఫలితాలు మారిపోతాయని ఆ పరిశోధకులు తేల్చారు. అందుకే మీరు చదివే అధ్యయనం చట్టాన్ని ఎలా వర్గీకరించిందో ముందు వెతకండి. ఉంది, లేదు అనే రెండు గళ్లు మాత్రమే పెట్టి ఉంటే, తర్వాతి అంకెలన్నింటినీ కొంత అనుమానంతోనే చదవాలి.

రెండోది: ఏ తేదీ నుంచి లెక్కపెట్టారు?

ఈ మెలిక తెలుసుకోవడానికి కొలరాడో కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అక్కడ ఓటర్లు వైద్య గంజాయిని రాజ్యాంగ సవరణ ద్వారా 2000 నవంబరులోనే ఆమోదించారు, 2001లో రోగుల నమోదు మొదలైంది. అయినా 2008 ముగిసే నాటికి జాబితాలో ఉన్న రోగులు సుమారు అయిదు వేల మందే. ఒక్క ఏడాది తిరిగేసరికి, అంటే 2009 చివరికి, ఆ సంఖ్య నలభై వేలు దాటింది. 2010 చివరికి లక్షా పది వేలకు మించింది. ఓటర్లు ఆమోదించిన సవరణలో అక్షరం మారలేదు. మారినవి వేరు. రోగికి గంజాయి సమకూర్చే సంరక్షకుడు అయిదుగురికి మించి చూడకూడదన్న పరిమితి మొదట కోర్టులో వీగిపోయింది, దాన్ని తిరిగి తెచ్చే ప్రయత్నాన్ని రాష్ట్ర ఆరోగ్య మండలి 2009 జులైలో తిరస్కరించింది. అదే ఏడాది అక్టోబరులో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, న్యాయశాఖ, రాష్ట్ర చట్టానికి లోబడి నడుచుకునే రోగులపై తమ వనరులు వెచ్చించవద్దని ప్రాసిక్యూటర్లకు సూచిస్తూ మెమో పంపింది. ఆ తర్వాతే వీధివీధికీ డిస్పెన్సరీలు, అంటే రోగులకు గంజాయి అమ్మే దుకాణాలు, వెలిశాయి.

కాబట్టి కొలరాడోకు 2000ను చట్టం వచ్చిన ఏడాదిగా పెట్టుకుని ముందూ వెనకా పోలిస్తే, ఎనిమిదేళ్ల పాటు దాదాపు ఏమీ జరగని కాలం చట్టం తర్వాతి ఖాతాలో చేరి ప్రభావాన్ని పలచన చేస్తుంది. 2009ని పెట్టుకుంటే వేరే కథ వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ కూడా ఇందుకు మినహాయింపు కాదు. అక్కడ చట్టంపై 2010 జనవరిలో సంతకం జరిగితే, తొలి డిస్పెన్సరీ 2012 డిసెంబరులో గానీ తెరుచుకోలేదు. అందువల్ల ఏ వార్త చదివినా పక్కన మూడు తేదీలు రాసుకోవడం మంచిది. ఓటు పడిన తేదీ, అమల్లోకి వచ్చిన తేదీ, మొదటి దుకాణం తెరిచిన తేదీ. అధ్యయనం వీటిలో దేన్ని వాడిందో పద్ధతుల భాగంలో ఒక వాక్యంగా రాసి ఉంటుంది. వార్త రాసినవారు సాధారణంగా ఆ వాక్యం దాకా వెళ్లరు.

నాలుగో తేదీ కూడా ఒకటుంది. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు 2012 నవంబరులో మందుతో సంబంధం లేకుండా పెద్దలందరికీ గంజాయిని అనుమతించాయి. కొలరాడోలో 2014 జనవరి 1న అమ్మకాలు మొదలయ్యాయి. ఆ తర్వాత వచ్చిన మార్పును వైద్య చట్టం నెత్తిన రుద్దడం చాలా సాధారణంగా కనిపించే పొరపాటు.

ఎవరిని, ఎక్కడ, ఏమని అడిగారు?

అమెరికాలో గంజాయి వాడకం గురించి వచ్చే అంకెల్లో అధిక భాగం మూడు సర్వేల నుంచి వస్తాయి. ఫెడరల్ ప్రభుత్వం నడిపే జాతీయ మాదకద్రవ్యాల సర్వే పన్నెండేళ్లు దాటిన అందరినీ వారి ఇళ్ల దగ్గర అడుగుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయం 1975 నుంచి చేస్తున్న మానిటరింగ్ ద ఫ్యూచర్ అనే సర్వే బడి పిల్లల్ని తరగతి గదుల్లోనే అడుగుతుంది. వ్యాధి నియంత్రణ కేంద్రం రెండేళ్లకోసారి హైస్కూలు విద్యార్థుల మధ్య జరిపేది మూడోది. బడుల్లో జరిగే రెండు సర్వేల్లోనూ చదువు మానేసిన పిల్లలు ఉండరు, వాడకం ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నదేమో వాళ్లలోనే.

ఇంటి సర్వే జరిగే తీరు కొంచెం దగ్గరగా చూడదగ్గది. 2020కి ముందు సర్వే మనిషి ఇంటికి వచ్చి, మామూలు ప్రశ్నలు తానే అడిగి, మత్తు పదార్థాల ప్రశ్నల దగ్గరికి రాగానే ల్యాప్‌టాప్‌నూ హెడ్‌ఫోన్‌నూ ఇంటివారి చేతికిచ్చేవారు. ప్రశ్న చెవిలో వినబడుతుంది, జవాబు వారే నొక్కుతారు, ఎదుట కూర్చున్న మనిషికి తెర కనబడదు. పక్క గదిలో తల్లి ఉన్నా పిల్లవాడు నిజం చెప్పడానికి ఇంత ఏర్పాటు చేశారు. 2020లో కరోనా వల్ల కొంతమందిని ఆన్‌లైన్‌లో అడగడం మొదలుపెట్టారు. అడిగే పద్ధతి మారింది కనుక 2021 నుంచి వచ్చిన అంకెలను 2019, అంతకు ముందు అంకెలతో పోల్చవద్దని సర్వే చేసే సంస్థే హెచ్చరించింది. 2010 నుంచి 2023 వరకు తెగకుండా ఒకే గీతగా సాగే గ్రాఫు ఎక్కడైనా కనబడితే, గీసినవారు ఆ హెచ్చరిక చదవలేదని అనుకోవచ్చు.

ఇక వయసు. గత నెలలో గంజాయి వాడామని చెప్పినవారు పన్నెండేళ్లు దాటిన వారందరిలో 2002లో 6.2 శాతం, 2019లో 11.5 శాతం. దాదాపు రెట్టింపు. అదే సర్వేలో 12 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని మాత్రమే చూస్తే 2002లో 8.2 శాతం, 2019లో 7.4 శాతం. పెరిగిందన్నవారూ పెరగలేదన్నవారూ ఒకే పట్టికలోని రెండు వరసలు చదువుతున్నారన్న మాట. పిల్లల సంగతి చెప్పడానికి పెద్దల అంకెను వాడటం ఈ విషయంలో అతి తరచుగా జరిగే మోసం, కొందరు తెలియక చేస్తారు, కొందరు తెలిసే చేస్తారు.

వాడారా అని అడగడం వేరు, ఎన్ని రోజులు వాడారని అడగడం వేరు. జొనాథన్ కాల్కిన్స్ 2024లో ప్రచురించిన లెక్క ప్రకారం రోజూ లేదా దాదాపు రోజూ గంజాయి వాడేవారు 1992లో అమెరికా మొత్తం మీద పది లక్షల లోపే, 2022లో 1.77 కోట్లు. ఆ స్థాయిలో మద్యం తాగేవారు 2022లో 1.47 కోట్లు. నెలలో ఒకసారి వాడినా ముప్పై సార్లు వాడినా ఒకే టిక్కు పడే ప్రశ్నలో ఇంత పెద్ద మార్పు సగం దాక్కుంటుంది. అయితే ఇది వైద్య చట్టాల వల్లే జరిగిందని ఆ లెక్క చెప్పదు. అలా చెప్పాలంటే వేరే పని చేయాలి, దాని సంగతి తర్వాత.

ప్రశ్న ఎలా అడుగుతామన్నది మన దేశంలోనూ ముఖ్యమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూతను గంజాయి అంటుంది, విడిగా ఉన్న ఆకును ఆ నిర్వచనంలో చేర్చదు. అందుకే 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే భాంగ్‌ను వేరుగా, గంజాయి, చరస్‌లను వేరుగా లెక్కపెట్టింది. ఏడాదిలో ఏదో ఒకటి వాడినవారు 2.8 శాతం, భాంగ్ 2 శాతం, గంజాయి లేదా చరస్ 1.2 శాతం. మొదటి అంకెను తీసుకుని దేశంలో మూడు కోట్ల మంది గంజాయి తాగుతున్నారని రాస్తే, శివరాత్రికి భాంగు పుచ్చుకున్న కాశీ పెద్దాయన కూడా అందులో చేరిపోతాడు.

పోలిక ఎవరితో చేశారు?

ఇది అన్నింటికన్నా ముఖ్యమైన మెట్టు, ఓపిక పట్టి చదవండి. రెండు ఊహా రాష్ట్రాలు తీసుకుందాం. చట్టం చేసిన రాష్ట్రంలో పిల్లల వాడకం ముందు 15 శాతం, తర్వాత 14. చట్టం చేయని రాష్ట్రంలో అదే కాలంలో ముందు 12, తర్వాత 10. ఇప్పుడు ఒకాయన చట్టం ఉన్నచోట 14, లేనిచోట 10, చూశారా చట్టం ఎంత పని చేసిందో అంటాడు. ఇంకొకాయన చట్టం వచ్చాక 15 నుంచి 14కు తగ్గింది కదా అంటాడు. అంకెలు అవే, వాదనలు ఎదురెదురు, రెండూ తప్పే. చట్టం లేనిచోట రెండు పాయింట్లు తగ్గిన కాలంలో చట్టం ఉన్నచోట ఒక్కటే తగ్గింది, కాబట్టి చట్టం ఖాతాలో రాయగలిగితే రాయవలసింది ఆ మిగిలిన ఒక పాయింటు మాత్రమే. పరిశోధకులు తేడాల మధ్య తేడా అని పిలిచేది దీన్నే. చట్టం లేకపోయినా ఆ రెండు రాష్ట్రాలూ ఒకే తీరున నడిచి ఉండేవన్న నమ్మకం మీద ఇది ఆధారపడుతుంది కనుక, చట్టానికి ముందు కొన్నేళ్ల పాటు రెండింటి గీతలూ సమాంతరంగా ఉన్నాయో లేదో అధ్యయనం చూపించి ఉండాలి.

ఈ పద్ధతిలో బాగా పేరుపడిన అధ్యయనం డెబొరా హాసిన్ బృందానిది. 2015లో ప్రచురితమైన ఆ పరిశోధన 1991 నుంచి 2014 వరకు 48 రాష్ట్రాల్లోని పది లక్షల తొంభై ఎనిమిది వేల మంది విద్యార్థుల జవాబులు పరిశీలించింది. 2014 లోపు ఎప్పుడో ఒకప్పుడు వైద్య చట్టం చేసిన రాష్ట్రాల్లో గత నెల వాడకం 15.87 శాతం, మిగతా రాష్ట్రాల్లో 13.27 శాతం. ఇక్కడే ఆగిపోతే చట్టమే దోషి. కానీ ఆ తేడా చట్టాలు రాకముందు నుంచే ఉంది, చట్టం వచ్చాక పెరగలేదు. అంటే వాడకం ఎక్కువగా, దాని పట్ల సహనం ఎక్కువగా ఉన్న రాష్ట్రాలే ముందుగా చట్టం చేశాయి. 2018లో పదకొండు అధ్యయనాలను కలిపి చూసిన సార్వెట్ బృందానికీ, 2019లో హైస్కూలు సర్వే అంకెలు చూసిన ఆండర్సన్ బృందానికీ వైద్య చట్టాల వల్ల పిల్లల వాడకం పెరిగిన ఆనవాలు కనబడలేదు.

పెద్దల విషయంలో అదే హాసిన్ బృందం 2017లో వేరే ఫలితం ఇచ్చింది. 1991-92, 2001-02, 2012-13 సంవత్సరాల్లో జరిగిన మూడు సర్వేలను పోల్చినప్పుడు, వైద్య చట్టం వచ్చిన రాష్ట్రాల్లో పెద్దల చట్టవిరుద్ధ వాడకం మిగతా చోట్ల కంటే 1.4 పాయింట్లు, వ్యసనంగా మారిన కేసులు 0.7 పాయింట్లు అదనంగా పెరిగాయి. నా అంచనాలో నేటికి చెప్పదగ్గ స్థూలమైన మాట ఇదే. వైద్య చట్టాలు బడి పిల్లల వాడకాన్ని కదిలించలేదు, పెద్దల వాడకాన్ని కొంత కదిలించాయి.

పోలిక బాగానే ఉన్నా కాలం తక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి ఒక కథ ఉంది. వైద్య చట్టం ఉన్న రాష్ట్రాల్లో ఓపియాయిడ్ అనే నల్లమందు తరహా నొప్పి మందుల మోతాదు మించి చనిపోయేవారు దాదాపు 25 శాతం తక్కువని 1999 నుంచి 2010 వరకు అంకెలు చూసిన ఒక అధ్యయనం 2014లో చెప్పింది. శాసనసభల్లో దాన్ని చేతబట్టుకుని మాట్లాడారు. 2019లో చెల్సియా షోవర్ బృందం అదే పద్ధతిని మార్చకుండా 2017 దాకా పొడిగించి చూస్తే ఫలితం తిరగబడింది, దాదాపు 23 శాతం ఎక్కువ అని వచ్చింది. గంజాయి వల్ల మరణాలు పెరిగాయని షోవర్ బృందం అనలేదు, మొదటి ఫలితాన్నే చట్టం వల్ల వచ్చినట్టు నమ్మకూడదని అంది. అధ్యయనం ఏ ఏటితో ఆగిందో చూడమనేది అందుకే.

శాతం, శాతం పాయింటు

దీనికి ఎక్కువ చోటు అక్కర్లేదు గానీ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో, వాడకం 4 శాతం నుంచి 5 శాతానికి చేరిందన్న ఏజెన్సీ వార్తకు 25 శాతం పెరిగిన గంజాయి వాడకం అని శీర్షిక పెట్టాను. గణితం ప్రకారం తప్పు కాదు. మర్నాడు ఒక పాఠకుడు ఫోన్ చేసి, అమెరికాలో నలుగురిలో ఒకరు గంజాయి తాగుతున్నారటగా అని అడిగినప్పుడు గానీ ఏం చేశానో అర్థం కాలేదు. పెరిగింది ఒక పాయింటు. రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే ఈ గొడవ ఉండదు.

అభిప్రాయం మారిందా, ఎప్పుడు మారింది?

వాడకం కంటే వైఖరిని కొలవడం కష్టం, ఎందుకంటే ప్రశ్న కొద్దిగా మారితే జవాబు చాలా మారుతుంది. డాక్టరు గంజాయిని మందుగా రాయడానికి చట్టం ఒప్పుకోవాలా అని గాలప్ సంస్థ 1999లో అడిగితే 73 శాతం అవునన్నారు. పూర్తిగా చట్టబద్ధం చేయాలా అని 2000లో అడిగితే అవునన్నవారు 31 శాతమే. ప్యూ సంస్థ 2022లో మూడు జవాబులిచ్చి ఎంచుకోమంటే, మందుకూ వినోదానికీ ఒప్పుకోవాలన్నవారు 59 శాతం, మందుకు మాత్రమే అన్నవారు 30 శాతం, అసలు వద్దన్నవారు 10 శాతం. ఇందులో 59నీ 30నీ కలిపి పదిమందిలో తొమ్మిదిమంది గంజాయి వైపే ఉన్నారని రాసినవారున్నారు. మందుకు మాత్రమే అన్నవారు తక్కిన వాడకాన్ని కాదంటున్నవారే కదా.

చట్టబద్ధతకు మద్దతు గాలప్ లెక్కల్లో 1969లో 12 శాతం, 1995లో 25, 2011లో 50, 2023లో 70. చట్టం జనం మనసు మార్చిందా, మనసు మారిన జనం చట్టం తెచ్చుకున్నారా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. 1996 చివర్లో కాలిఫోర్నియా ఫలితం వచ్చాక, క్లింటన్ ప్రభుత్వంలో మత్తుపదార్థాల విధానం చూసే బారీ మెకాఫ్రీ, ఇలాంటి చట్టాలు పిల్లలకు తప్పుడు సంకేతం పంపుతాయని వాదించారు. ఆ భయం అర్థం లేనిది కాదు. దాన్ని పరీక్షించడానికి మిషిగన్ సర్వే అంకెలు చాలు.

క్రమం తప్పకుండా గంజాయి తాగడం చాలా ప్రమాదకరమని చెప్పిన పన్నెండో తరగతి విద్యార్థులు 1991లో దాదాపు 79 శాతం. 1996 వసంతంలో, అంటే కాలిఫోర్నియాలో ఓటు పడటానికి కొన్ని నెలల ముందే, అది 60కి పడిపోయింది. దేశంలో ఇలాంటి వైద్య చట్టం ఒక్కటైనా లేని కాలంలోనే దాదాపు ఇరవై పాయింట్ల భయం పోయింది. ఆ తర్వాత పదేళ్లు పెద్దగా కదలకుండా ఉండి, 2013కి 40కి, 2019కి 30కి దిగింది. ఈ రెండో జారుడులో చట్టాల పాత్ర కొంత ఉండవచ్చు. విచిత్రం ఏమిటంటే, తొంభైల్లో భయం తగ్గినకొద్దీ వాడకం పెరిగి 1997లో పన్నెండో తరగతి వారిలో గత నెల వాడకం 23.7 శాతానికి చేరితే, భయం సగానికి తగ్గిన 2013లో అది 22.7 శాతమే. ప్రమాదం అనుకోవడం తగ్గితే వాడకం పెరిగి తీరుతుందన్న పాత సూత్రం ఇక్కడ పట్టు తప్పింది. కాబట్టి యువత వైఖరి మారింది అన్న అంకెను చూపి, కనుక వాడకం కూడా పెరిగి ఉంటుంది అని రాసిన వ్యాసాన్ని అక్కడే ఆపి, రెండో అంకె ఏదని అడగండి.

మందుకు సరేనన్న ఓటు అన్నింటికీ సరేనన్నట్టు కాదనడానికి మళ్లీ ఓక్లహోమాయే సాక్షి. వైద్య గంజాయిని అంత ధారాళంగా ఆమోదించిన ఆ ఓటర్లే 2023 మార్చిలో వినోద వాడకాన్ని అనుమతించే ప్రతిపాదనను దాదాపు 62 శాతంతో తిప్పికొట్టారు. వీధి చివర దుకాణం చూసిన అనుభవం కొందరి మనసును వెనక్కి కూడా తిప్పగలదు.

అక్కడున్న మనవాళ్ల కోసం ఒక మాట

జనాభిప్రాయం ఎంత మారినా, రాష్ట్రం ఎన్ని కార్డులిచ్చినా, వీసా మీద ఉన్నవారికి వర్తించేది గంజాయిని నేరంగా చూసే ఫెడరల్ చట్టం. రాష్ట్రంలో వైద్య అనుమతి ఉన్నా ఫెడరల్ చట్టాన్ని అమలు చేయవచ్చని సుప్రీంకోర్టు 2005లో గోంజాలెస్ వర్సెస్ రైచ్ కేసులో 6-3తో తీర్పిచ్చింది. గంజాయికి సంబంధించిన పని రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన షరతుకు అడ్డు రావచ్చని వలస సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. గంజాయి దుకాణంలో చేసిన ఉద్యోగానికి కూడా ఇది వర్తిస్తుంది. అందరూ వాడుతున్నారన్న సర్వే అంకె ఇమిగ్రేషన్ అధికారి ముందు పనికిరాదు. కార్డు తీసుకునే ముందు వలస చట్టాలు తెలిసిన వకీలును అడగాలి.

చివరికి రాసేటప్పుడు

ఇప్పుడు ఒక ఫార్వర్డ్ సందేశం తీసుకుందాం: వైద్య గంజాయి చట్టాలతో అమెరికా యువతలో వాడకం విపరీతంగా పెరిగింది. పై ప్రశ్నలన్నీ దీని మీద పెట్టి చూస్తే, చట్టమేదో లేదు, తేదీ లేదు, యువత అంటే ఏ వయసో లేదు, పోలిక లేదు. అదే విషయాన్ని నేనైతే ఇలా రాస్తాను: 1991 నుంచి 2014 వరకు 48 రాష్ట్రాల బడి పిల్లల మీద జరిగిన సర్వేల ప్రకారం, వైద్య గంజాయి చట్టం చేసిన రాష్ట్రాల్లో గత నెలలో గంజాయి వాడామన్న విద్యార్థులు సుమారు 16 శాతం, మిగతా రాష్ట్రాల్లో 13 శాతం, ఈ తేడా చట్టాలకు ముందు నుంచే ఉంది. వాక్యం పొడవైంది, శీర్షికలో పట్టదు. శీర్షికలో పట్టాలంటే చివరి ముక్కను మాత్రం కోయకండి, కోయవలసి వస్తే ముందున్న అంకెలను కోయండి.